జోనంగి ఎదకొచ్చింది, తోడబుట్టిన మగదానితోనే కలపమంటున్నారు. ఏం చేయమంటారు?

కొల్లేటి_గట్టు | 17 జనవరి, ఉదయం
అందరికీ నమస్కారం అండి. మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో రెండు జోనంగులున్నాయి. ఆడది సివంగి, మగది బంటు. రెండూ ఒకే ఈతలో పుట్టినవే, ఇప్పుడు 15 నెలలు. భోగి రోజున సివంగి ఎదకొచ్చింది. పండక్కి వచ్చిన మా పెదమావయ్య, "అసలు సిసలు జోనంగులు మిగిలిందే తక్కువ, బయట కుక్కతో కలిపితే రక్తం పాడైపోద్ది, ఈ రెండింటినీ కలిపేయ్" అంటున్నాడు. ఆకివీడులో ఒకాయన తన ల్యాబ్రడార్‌ని తీసుకొస్తానంటున్నాడు, పిల్లలు మంచి రేటుకి పోతాయంట. నాకు డబ్బు యావ లేదండి. ఈ జాతి నిలబడాలి, అంతే. రెండింటినీ ప్రస్తుతానికి వేరే గదుల్లో కట్టేశాను. బంటుగాడు రాత్రంతా ఊళ. ఊరు ఊరంతా తిడుతోంది.

నల్లకుంట_పొమ్ము | 17 జనవరి
జోనంగి అంటే ఏంటి అన్నా? పేరే వినలే. ఫోటో పెట్టు.

బాతులోడి_మనవడు | 17 జనవరి
పొమ్ము గారూ, మన తెలుగు నేల మీద పుట్టిన కుక్కండి అది. కొల్లేటి జాగిలం అని కూడా అంటారు. వెంట్రుక ఉందా లేదా అన్నంత పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. అన్ని కుక్కల్లా మొరగదు, గొంతు సాగదీసి ఒక రకం కూత కూస్తుంది. మా తాత బాతులు మేపేవాడు. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలకీ నత్తలకీ వందల బాతుల్ని తోలుకుని ఊరూరా తిరిగేవాడు. మందని చెదరకుండా తిప్పేవి రెండు జోనంగులే. బాతు పీకని నోట కరిచి ఒక్క పంటి గాటు పడకుండా తెచ్చి ఇచ్చేదంట మా తాత కుక్క. చేలు చెరువులైపోయాక బాతులు పోయాయి. చేపల చెరువు దగ్గర ఈ కుక్కకి పనేముంది? చాలామంది వదిలేశారు. వదిలేసినవి వీధి కుక్కల్లో కలిసిపోయాయి.

గట్టు గారూ, మీ ఇంట్లో రెండున్నాయంటేనే సంతోషంగా ఉంది. కానీ మీ పెదమావయ్య మాట వినకండి.

పశువైద్యం_చేతిసంచి | 17 జనవరి, రాత్రి
నేను పశువుల డాక్టర్ని, పదహారేళ్ళ సర్వీసు. ముందు అర్జంటు సంగతి. ఈసారి ఎవరితోనూ కలపకండి. బంటుతోనూ వద్దు, ల్యాబ్‌తోనూ వద్దు, రేపు ఎవరైనా బంగారం లాంటి జోనంగి మగదాన్ని తెచ్చినా వద్దు. 15 నెలలకి దాని ఒళ్ళే ఇంకా పూర్తిగా తయారవలేదు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో కూడా 18 నెలలు నిండని ఆడకుక్కని జత కట్టించకూడదని ఉంది. 8 ఏళ్ళు దాటినదాన్నీ కూడదు. ఏడాదికి ఒక్క ఈత మించకూడదు.

ఎద మొత్తం మూడు వారాలనుకోండి. మొదటి తొమ్మిది రోజులు అటూఇటూగా రక్తం కనిపిస్తుంది, మగదాన్ని దగ్గరికి రానివ్వదు. తర్వాత రక్తం పలచబడి గడ్డి కడిగిన నీళ్ళ రంగుకి వస్తుంది, అప్పుడు తోక పక్కకి పెట్టి నిలబడుతుంది. జనం మోసపోయేది ఇక్కడే. రక్తం తగ్గింది, అయిపోయింది అనుకుని వదిలేస్తారు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఇంకోటి, ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం కుక్కల్లో మామూలే. గోడ దూకొచ్చిన వీధి కుక్క ఒక్క పది నిమిషాలు చాలు. బంటుని ఈ మూడు వారాలు చుట్టాలింటికి పంపండి. తలుపు మీద నమ్మకం పెట్టుకోకండి.

రక్త సంబంధం గురించి. మనలో మేనరికం చేసుకుంటే పిల్లల్లో ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం 6.25 శాతం. మేనమామని చేసుకుంటే 12.5. దానికే డాక్టర్లు వద్దని మొత్తుకుంటున్నారు. తోడబుట్టినవాటిని కలిపితే అది 25 శాతం. తండ్రీ కూతుళ్ళయినా అంతే. ప్రతి కుక్కలోనూ ఏవో కొన్ని చెడు జన్యువులు ఒంటరిగా, చప్పుడు లేకుండా పడి ఉంటాయి. జోడీ దొరికితేనే బయటపడతాయి. ఆ జోడీని మనమే చేతులారా కుదర్చడం అన్నమాట ఇది. మొదటి ఈతలో ఏమీ కనబడకపోవచ్చు. రెండు మూడు తరాలు అలాగే పోతే పిల్లల సంఖ్య తగ్గుతుంది, పాలు తాగే ఓపిక లేని పిల్లలు పుడతాయి, మగవాటికి ఒక వృషణం దిగదు.

సీమబిడ్డ | 18 జనవరి
డాక్టరు సారు చెప్పింది నిజం. మా మామ రాజపాలయం కుక్కల్ని సాకేవాడు. పాల తెలుపు, గులాబీ ముక్కు ఉంటేనే ఒప్పుకునేవాడు. రంగు చూసి చూసి ఏరుకుంటా పోతే ఏమయిందో తెలుసా? చెవిటి పిల్లలు. ఆ జాతిలో పుట్టు చెవుడు ఉందని మాకు అప్పుడు తెలీదు. పిలిస్తే పలకని పిల్లని పొగరుబోతు అని కొట్టేవాళ్ళం. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. పిల్ల నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి గిన్నె మీద గరిటెతో కొట్టి చూడండప్పా, తెలిసిపోతుంది.

కెనెల్_ఎల్బీనగర్ | 18 జనవరి
నేను ల్యాబ్‌లు, జర్మన్ షెపర్డ్‌లు పెంచి అమ్మేవాణ్ణి, నా మాట కొంచెం చేదుగా ఉంటది. మన ఫీల్డ్‌ల 'కేసీఐ పేపర్స్ ఉన్నయ్' (కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశం కాగితం) అంటే చాలు, ఇంకేం అడగరు. ఆ కాగితం తల్లి ఎవరు తండ్రి ఎవరు అని చెప్తది, గంతే. తండ్రి తుంటి కీలు ఎట్లుందో చెప్పదు. ల్యాబ్, షెపర్డ్ పిల్ల కొనేటోళ్ళు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగాలె, అది కూడా రెండేండ్లు నిండినంక తీసింది. ఇన్నేండ్లల్ల నన్ను అడిగినోళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందరు అడిగేది ఒకటే, 'తలకాయ పెద్దగుందా? బోన్ హెవీ ఉందా?'

గట్టు అన్నా, ల్యాబ్ క్రాస్ జోలికి పోకు. పుట్టేటివి ల్యాబూ కాదు జోనంగీ కాదు, ఆకివీడు ఆయన 'కొత్త జాతి' అని అమ్ముకుంటడు.

వీధికుక్కల_అక్క | 18 జనవరి
నేను అడిగేది ఎవరికీ నచ్చదు, అయినా అడుగుతాను. అసలు పిల్లలు ఎందుకు? విశాఖలో మా కాలనీ ఒక్కదాంట్లోనే గత ఏడాది ఏడు జాతి కుక్కలు రోడ్డున పడ్డాయి. వాటిలో ఒక హస్కీ ఉంది, మంచు దేశపు కుక్క, అదీ మే నెలలో. ఏసీ పాడయిందని వదిలేశారట. 'ఆడకుక్క ఒక్కసారైనా తల్లి కావాలి, లేకపోతే జబ్బు చేస్తుంది' అని ఇంకా నమ్మేవాళ్ళున్నారు. దానికి ఆధారమే లేదు. పిల్లలు పెట్టించకుండా ఆపరేషన్ చేయిస్తే గర్భసంచిలో చీము పట్టే జబ్బు అసలు రాదు.

జాతి నిలబెట్టాలంటున్నారు కాబట్టి ఒక్క మాట. మగకుక్కని తర్వాత వెతుక్కోవచ్చు, ముందు ఒక కాగితం మీద ఆరు ఇళ్ళ పేర్లు రాయండి. 'మాకొకటి ఉంచరా' అని మాటవరసకి అనే ఇళ్ళు కాదు, పదమూడేళ్ళు అన్నం పెట్టే ఇళ్ళు. ఆరు పేర్లు రాకపోతే ఈ చర్చ ఇక్కడే ఆపేయచ్చు.

కొల్లేటి_గట్టు | 18 జనవరి, రాత్రి
అక్కా, మీ మాట చదివి కాసేపు కోపం వచ్చింది, దాచుకోను. తర్వాత కాగితం తీసుకుని కూర్చున్నాను. మూడు పేర్ల దగ్గర ఆగిపోయాను. ఆ మూడో పేరు మా తమ్ముడిది, వాడు హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటాడు. అంటే రెండే.

బంటుని ఏలూరులో మా అక్క వాళ్ళింటికి పంపేశాను. ఈసారి ఏమీ చేయడం లేదు.

డాగ్_లవర్_9 | 19 జనవరి
బ్రో మేల్ పప్పీ కావాలి, రేటెంత, విజయవాడ నుంచి బస్సులో పార్సిల్ వేస్తారా

మోడరేటర్ | 19 జనవరి
ఇక్కడ కొనుగోళ్ళు, అమ్మకాలు లేవు. 9 గారూ, పుట్టని పిల్లకి రేటు అడుగుతున్నారు, అదీ బస్సు డిక్కీలో. దయచేసి పైనుంచి చదవండి.

తిరుపతి_ల్యాబ్_అమ్మ | 22 జనవరి
ఇది చదువుతుంటే మా ల్యాబ్ స్వీటీ గుర్తొచ్చి రాస్తున్నాను. మేమూ 'ఒక్కసారి' అనే మాటకి పడిపోయాం. పక్క వీధి మగకుక్క, ఖర్చు లేదు. ఒక్కసారి స్కానింగ్ తీయించాం, గర్భం ఉంది, చాలు అనుకున్నాం. చివర్లో ఎక్స్‌రే తీయించమని ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. కడుపులో ఉన్నది ఒక్కటే పిల్ల, అందుకే బాగా పెరిగిపోయింది. రాత్రి పదకొండుకి నొప్పులు మొదలై తెల్లారి నాలుగు వరకూ ముక్కుతూనే ఉంది. కుక్కలు వాటంతట అవే కంటాయిలే అని మా ఆయన అంటుంటే నేనూ కూర్చుండిపోయాను. పొద్దున్నే సిజేరియన్. పిల్ల దక్కలేదు. స్వీటీ దక్కింది. బిల్లు కట్టింది గుర్తులేదు కానీ ఆ అయిదు గంటలు మాత్రం మర్చిపోలేను.

పశువైద్యం_చేతిసంచి | 22 జనవరి
అమ్మా, మీ తప్పు అనుకోకండి, ఇలాంటివి మా దగ్గరికి నెలకి రెండు మూడు వస్తాయి. మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. 25 రోజుల తర్వాత స్కానింగ్‌లో గర్భం ఉందో లేదో తెలుస్తుంది, పిల్లల లెక్క మాత్రం నమ్మకంగా తెలియదు. 55 రోజులు దాటాక ఎముకలు కనపడతాయి కాబట్టి ఎక్స్‌రేలో తలకాయలు లెక్కపెట్టొచ్చు. ఎన్ని రావాలో తెలిస్తేనే ఇంకా లోపల మిగిలాయో లేదో తెలుస్తుంది. గట్టిగా ముక్కుతూ అరగంట దాటినా పిల్ల రాకపోతే ఫోన్ చేయండి. పిల్లకీ పిల్లకీ మధ్య రెండు గంటలు దాటినా చేయండి. మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం కనిపిస్తే ఫోన్ కాదు, ఆటో ఎక్కండి.

నల్లకుంట_పొమ్ము | 23 జనవరి
డాక్టర్ సాబ్, మాది ఇంకో కథ. మా పొమేరియన్‌కి కడుపుతో ఉన్నప్పుడు బలానికని రోజూ కాల్షియం సిరప్ తాగిచ్చినం. ఈనిన పదహారో రోజు కాళ్ళు బిర్రబిగుసుకొని వణుకుడు, ఒళ్ళు కాలిపోతుంది, ఫిట్సే. కాల్షియం తక్కువైందన్నరు. గంత తాగిచ్చినా ఎట్ల తక్కువైతది?

పశువైద్యం_చేతిసంచి | 23 జనవరి
తాగించినందుకే. ఒంట్లో కాల్షియం తగ్గితే ఎముకల్లోంచి తీసి రక్తంలోకి వదలడానికి మెడ దగ్గర చిన్న గ్రంథులున్నాయి. గర్భంలో రోజూ బయటి నుంచి పోస్తే అవి బద్ధకిస్తాయి. ఈనాక నాలుగైదు పిల్లలు ఒక్కసారిగా పాలు లాగేసరికి అవి నిద్ర లేవవు. చిన్న జాతుల్లో ఇది ఎక్కువ. గర్భంలో కాల్షియం వద్దు, మంచి తిండి చాలు. చివరి మూడు వారాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి.

బాతులోడి_మనవడు | 2 మార్చి
గట్టు గారూ, మీకోసం మగదాన్ని వెతుకుతున్నా. ఉండి దగ్గర చెరువు కాపలా కాసే ఒక జోనంగి ఉంది, మూడేళ్ళది, దిట్టంగా ఉంది. చూసి రండి.

కొల్లేటి_గట్టు | 9 మార్చి
వెళ్ళొచ్చానండి. కుక్క అద్భుతం. కానీ మాటల్లో తేలింది, అదీ మా వాటి తల్లీ ఒకే జంటకి పుట్టినవి, ఆటపాకలో ఒక ముసలాయన దగ్గర. లెక్క వేస్తే సివంగికి మేనమామ వరస. చాలాసేపు తటపటాయించాను. డాక్టరు గారి 12.5 గుర్తొచ్చి, కుక్క ఆసామి ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

కెనెల్_ఎల్బీనగర్ | 9 మార్చి
శభాష్. వంద కిలోమీటర్లు తిరిగి ఉత్త చేతులతో ఇంటికొచ్చినోడే బ్రీడరు అని మా గురువు అంటుండె. ఇంకో మాట, బాతులన్నా. మంచి మగది దొరికితే ఊళ్ళన్ని దాంతోనే కలుపకండి. నాలుగేండ్లకి చుట్టుపక్కల పిల్లలన్ని అన్నదమ్ములే అయితయ్. జాతి చిన్నగున్నప్పుడు అందరు ఒక్క మగదాని మీద పడుడే పెద్ద దెబ్బ.

బాతులోడి_మనవడు | 10 మార్చి
అందుకే ఒక నోటుపుస్తకం మొదలెట్టానండి. నాకు తెలిసిన ప్రతి జోనంగికీ ఒక పేజీ. ఊరు, తల్లి, తండ్రి, ఎవరింట్లో పుట్టింది. ఇప్పటికి పంతొమ్మిది పేజీలు. ఎనిమిదింటికి తండ్రి గడి ఖాళీ.

వీధికుక్కల_అక్క | 10 మార్చి
పుస్తకంలో చనిపోయిన వయసు, ఏ జబ్బుతో పోయింది అనే గడులు కూడా పెట్టండి. అందరూ పుట్టుక రాస్తారు, చావు రాయరు.

కొల్లేటి_గట్టు | 24 ఆగస్టు
చాలా రోజులయింది. ఆగస్టు 9న సివంగి మళ్ళీ ఎదకొచ్చింది, ఇప్పుడు 22 నెలలు. మగది దొరికింది. తాళ్ళరేవు దగ్గర, నాలుగేళ్ళది. వాళ్ళ తాతల కాలం నుంచీ ఆ ఊళ్ళోనే ఉన్న వంశం, మా వైపు చుట్టరికం ఏదీ తేలలేదు. రెండుసార్లు వెళ్ళి చూశాను. మొదటిసారి చెప్పి వెళ్ళాను, రెండోసారి చెప్పకుండా. రెండుసార్లూ ఒకేలా ఉంది, పిల్లాడు తోక లాగినా లేచి పక్కకెళ్ళి పడుకుంది.

జతకి ముందు రెండింటికీ రక్తపరీక్ష, బ్రూసెల్లా (జతలో అంటుకుని కడుపు పోగొట్టే జబ్బు) లేదని తేలింది. మర్మావయవాల్లో గడ్డల్లేవని డాక్టరు చూశారు. వీధి కుక్కల నుంచి అంటుకునే ఆ గడ్డ జబ్బు మన దగ్గర చాలా ఎక్కువంట. 'పదకొండో రోజు కలపాలి' అనే లెక్క పెట్టుకోకుండా ప్రొజెస్టిరాన్ పరీక్ష (రక్తంలో హార్మోను చూసి సరైన రోజు చెప్పేది) చేయించి 19న, 21న కలిపాం. కలిసాక పావుగంట పైన అతుక్కుని నిలబడ్డాయి. అక్కడి కుర్రాళ్ళు నీళ్ళు పోసి విడదీయబోయారు, మగదాని ఆసామి కర్ర పట్టుకుని వాళ్ళని తరిమాడు. డబ్బు వద్దన్నాడు, ఒక పిల్ల చాలన్నాడు.

అక్కా, కాగితం మీద ఇప్పుడు ఏడు పేర్లున్నాయి. తమ్ముడి పేరు కొట్టేశాను.

కొల్లేటి_గట్టు | 23 అక్టోబరు
14న ఎక్స్‌రే, ఆరు తలలు. 17 నుంచి రోజుకి మూడుసార్లు థర్మామీటరు పెట్టి చూశాం. 101 దగ్గర ఉండేది 21 పొద్దున 98.4కి పడింది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు, పెరట్లో గుంత తవ్వింది. నేను చెక్కతో పెట్టె చేసి పాత చీరలు పరిచి పెడితే దాన్ని చూడనైనా చూడలేదు. ఆఖరికి మా అమ్మ మంచం కింద మొదలెట్టింది, రాత్రి తొమ్మిదిన్నరకి. నాలుగు వరసగా వచ్చాయి. తర్వాత గంటా యాభై నిమిషాలు ఏమీ లేదు. ఎక్స్‌రే లేకపోతే అయిపోయిందనుకుని పడుకునేవాళ్ళం. డాక్టరుకి ఫోన్ చేస్తుండగానే అయిదోది వచ్చింది, కాళ్ళు ముందుగా. ఆరోది కదల్లేదు. తువ్వాలుతో రుద్దాను, ముక్కులో నీరు తీశాను, పది నిమిషాలు. లాభం లేకపోయింది.

అయిదు ఉన్నాయి. మూడు ఆడ, రెండు మగ. ముర్రుపాలు తాగాయి. అతి చిన్నది 230 గ్రాములు.

పశువైద్యం_చేతిసంచి | 23 అక్టోబరు
బాగా చేశారు. ఇక వంటగది తక్కెడే మీ డాక్టరు. రోజూ ఒకే వేళకి తూకం వేయండి. పది రోజులకల్లా పుట్టిన బరువు రెట్టింపు కావాలి. ఒక్క రోజు పెరగకపోయినా ఆ పిల్లని వెనక చన్నుకి పెట్టండి. మొదటి రెండు వారాలు వాటికి ఒళ్ళు వేడి నిలుపుకోవడం రాదు, అక్టోబరు ముసురు గాలి తగలనివ్వకండి. చల్లబడ్డ పిల్లకి ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. నట్టల మందు రెండో వారం నుంచి రెండు వారాలకొకసారి. మూడో వారం నుంచి మిక్సీ చప్పుడు, ముసలివాళ్ళు, గొడుగు, సైకిలు, అన్నీ చూడనివ్వండి. ఆ వయసులో చూడనిదానికి జీవితాంతం భయపడతాయి.

కెనెల్_ఎల్బీనగర్ | 24 అక్టోబరు
ఎనిమిది వారాలు నిండకుండ ఎవ్వరికీ ఇయ్యకు. ముప్పై రోజుల పిల్లని జేబుల పెట్టుకొని పోతమని వస్తరు, ముద్దుగుంటది కదా. తోడబుట్టినోటి చెవి గట్టిగ కొరికితే అవి అరుస్తయ్, ఆడుడు బంద్ చేస్తయ్. పంటి బలం ఎంతనో పిల్ల అట్ల నేర్చుకుంటది. ముందే విడదీస్తే ఆ పాఠం నీ పిల్లల చేతి మీద నేర్చుకుంటది. ఇంకోటి, నువ్వు డబ్బులు తీసుకొని ఇస్తే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డుల రిజిస్ట్రేషన్ సంగతి చూసుకో, ఉచితమైనా టీకా కార్డు లేకుండ పంపకు.

కొల్లేటి_గట్టు | 11 జనవరి
ఏడాదయింది ఈ చర్చ మొదలెట్టి. డిసెంబరు మూడో వారంలో నాలుగు పిల్లలు వెళ్ళాయి. ఒకటి తాళ్ళరేవుకి, మాట ప్రకారం. ఏడు పేర్లలో ఇద్దరిని నేనే వద్దనుకున్నాను. ఒకాయన ఎప్పుడూ గొలుసుతోనే ఉంచుతానన్నాడు, ఇంకొకాయన ఇంటికెళితే ఉన్న కుక్క ఒంటి నిండా పిడుదులు. మొహమాటం చచ్చి చెప్పాను, ఒకాయన ఇప్పుడు పలకరించడం లేదు. ఏ కారణంతో అయినా పెంచలేకపోతే నాకే తిరిగి ఇవ్వాలని అందరి దగ్గరా కాగితం మీద సంతకం తీసుకున్నాను. మా ఆవిడ నవ్వింది, కట్నం కాగితమా అని.

మొన్న ఆ కాగితం పనికొచ్చింది. భీమవరం వెళ్ళిన ఆడపిల్ల పద్దెనిమిది రోజులకి వెనక్కొచ్చింది. ఇంట్లో పెద్దావిడకి పడలేదంట. వాళ్ళని ఏమీ అనలేదు. రోడ్డు మీద వదల్లేదు, అది చాలు. ఇంట్లో ఉంచుకున్న మగపిల్లతో కలిపి ఇప్పుడు మొత్తం నాలుగు.

వీధికుక్కల_అక్క | 11 జనవరి
నాలుగా! మళ్ళీ అన్నాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో!

కొల్లేటి_గట్టు | 11 జనవరి
తెలుసక్కా, నాకూ అదే తట్టింది. బంటుకి ఈ నెల 20న ఆపరేషన్. మగపిల్లని బాతులోడి మనవడు గారు అడుగుతున్నారు, నోటుపుస్తకంలో ఇరవై ఏడో పేజీ వాడిదేనంట. సివంగికి ఈ ఏడు ఏమీ లేదు. వెనక్కొచ్చినది నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది, చెప్పు కొరుకుతోంది. ఇంకా పేరు పెట్టలేదు, ఎవరికైనా ఇచ్చేస్తానేమోనని.

బాతులోడి_మనవడు | 11 జనవరి
ఇరవై ఎనిమిదో పేజీలో పేరు గడి ఖాళీగా ఉంచానండి. తొందరేం లేదు.